లాభం, రెండు, మూడు

నవంబర్ 17, సోమవారం

పాప ఇంటికి వచ్చింది. ఆటో దిగగానే కరీంనగర్ ఎండ చూసింది, తుమ్మింది, పడుకుంది. ఇన్నాళ్లూ దాని ఊపిరి సంగతి ఆసుపత్రి మిషన్ చూసుకుంది. ఇక నుంచి నేను చూడాలి.

నెలలు నిండకుండా పుట్టింది కదా, నిద్రలో ఒక్కోసారి ఊపిరి తీయడం మరిచిపోతుందట. డాక్టర్ ఎంత మామూలుగా చెప్పాడో! “ఈ మధ్య ఆగలేదు, పెరిగినకొద్దీ పోతుంది. అయినా ఇంట్లో వాళ్లకు సీపీఆర్ వచ్చి ఉండాలమ్మా” అన్నాడు.

ఇంటికి పంపే ముందు ఆసుపత్రిలో జ్యోతి సిస్టర్ బల్ల మీద మూడు బొమ్మలు పెట్టింది. పెద్దమనిషి బొమ్మ, నడుము దాకే. బడికి పోయే పిల్లంత ఒకటి. అన్నిటికంటే చిన్నది, నా పాపంత. పెద్దవాళ్లకు రెండు చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా రెండంగుళాల లోతు నొక్కాలి. పిల్లలకు ఒక చెయ్యి చాలొచ్చు. పసికందుకు రెండు బొటనవేళ్లే — అరచేతులతో వీపు చుట్టి పట్టుకుని. పెద్ద బొమ్మ వంతు వచ్చినప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నా. నాకెందుకది?

గుర్తున్నంత వరకు ఇక్కడ పెడుతున్నా. ముందు పాదం మీద తట్టాలి, పిలవాలి. రొమ్ము లేవకపోతే మొదలుపెట్టాలి. రొమ్ములో మూడో వంతు దిగాలి. నిమిషానికి వంద తగ్గొద్దు, నూట ఇరవై దాటొద్దు. తల వెనక్కి వంచొద్దు, తిన్నగా ఉంచాలి. ముక్కూ నోరూ కలిపి నా నోటితో మూసి, బుగ్గల్లో పట్టినంత గాలి మాత్రమే ఊదాలి. ఒక్కదాన్నే ఉంటే ముప్పై నొక్కులకు రెండు ఊపిర్లు. ఇద్దరం ఉంటే పదిహేనుకే రెండు.

ఎందుకట్లా అని అడిగా. “పిల్లలకు ముందు ఆగేది ఊపిరమ్మా, తర్వాత గుండె. అందుకే గాలి ఎక్కువ కావాలె. పెద్దోళ్లకు ఎంతమంది ఉన్నా ముప్పయ్యే” అంది.

“ఇంట్ల నీకు తోడు ఎవరుంటరు?”

“మా అత్తమ్మ.”

అత్తమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. పిలిస్తే లేవలేదు. “పసిపిల్ల రొమ్ము మీద ఒత్తుతరా ఎవలన్న? ముద్దయితది. నేను రాను పో.”

నవంబర్ 18, మంగళవారం

లేస్తోంది. పడుతోంది. లేస్తోంది… పాప రొమ్మే చూస్తూ కూర్చున్నా, అన్నం తినలేదు ఇంకా.

నవంబర్ 19, బుధవారం

ఆగింది.

పొద్దున తానం పోసి, తుడిచి, అత్తమ్మ సాంబ్రాణి పొగ వేస్తానంది. పొగ వద్దు, డాక్టర్ చెప్పాడు అన్నా. “నీ మొగనికి ఏసిన. బతికిండా లేడా?” అంది. సరే, పొగ ఆపించా. పాలు పట్టా. పడుకోబెట్టా. చూస్తుండగానే రొమ్ము లేవలేదు. పెదవుల చుట్టూ నీలం. నా బొటనవేళ్లు గాల్లో ఉన్నాయి, కిందికి దిగవు. నా చేతులు నావి కావు.

అత్తమ్మ వచ్చి నన్ను తోసేసి, పాపను రెండు కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తింది. వీపు మీద చరిచింది. నడినెత్తిన ఊదింది. పాప కెవ్వుమంది.

“చూసినవా? గిట్ల చేయాలె. గుడ్లప్పగించి చూసుడు గాదు.”

ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఆమె మీద అరిచా. తల ఊగితే లోపల నెత్తురు కమ్ముతుందని, మళ్లీ అట్లా పట్టుకుంటే పాపను తీసుకుని ఆదిలాబాద్‌లో మా అమ్మ దగ్గరికి పోతానని. సిస్టర్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టా. ఆమె కూడా అదే చెప్పింది. పాదం మీద తట్టి ఉంటే సరిపోయేదట, పాప అదృష్టం బాగుండి ఏం కాలేదట.

“గా సిస్టరమ్మకు ఎంతమంది పిల్లలట?” అని అత్తమ్మ లోపలికి పోయింది. మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే మానె. అసలు సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె తప్పు చేసింది, నేను ఏమీ చేయలేదు.

నవంబర్ 20, గురువారం

ఆదిలాబాద్ నుంచి మా ఆయి ఫోన్. “ఈడ చలికి మీ బాపు మోకాళ్లు లేస్తలేవు బాయీ, లేకుంటే నేనే వచ్చి కూసుందును.” నిన్నటి సంగతి చెప్పలేదు. చెబితే ఆమె బస్సెక్కుతుంది, బాపు పగలంతా పొయ్యి దగ్గర ఒక్కడే ఉంటాడు.

నవంబర్ 22, శనివారం

రమేశ్ వచ్చాడు. మా సంసారం ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఉద్యోగం ఆదిలాబాద్‌లో కాబట్టి మొగుడు వారమంతా మా ఆయి వండింది తిని, మా బాపుతో పేపర్ చదువుతాడు. నేనిక్కడ వాళ్లవ్వతో, అంటే అత్తమ్మతో, పోట్లాడతా.

దిండు ముందు పెట్టి నేర్పబోయా. బొటనవేళ్లు ఆనించి, వెంటనే లాగేసుకున్నాడు.

“నాతోటి గాదు సునందా.”

“నాతోటి మాత్రం అయితదా? ఎవలన్న అడిగిండ్రా మనల్ని?”

“శనివారం, ఐతారం నేనుంట గదా.”

“పాప శనివారం, ఐతారమే ఊపిరి ఆపుకుంటదా?”

వరండాలో అత్తమ్మ వింటోంది. శనివారం ఒక్కపొద్దు ఆమెకు, కొండగట్టు అంజన్నకు. పొద్దంతా ఏమీ ముట్టదు. పాప గట్టిపడితే కొండ మీదికి తీసుకొచ్చి అక్కడే పేరు పెట్టిస్తానని మొక్కుకుందట. అందుకే ఇంతవరకు పేరు లేదు. పాప అంటే పాపే.

ఇద్దరుంటే పదిహేనుకే రెండు ఊపిర్లు. ఇద్దరు. ఆ రెండో మనిషి ఎవరు?

నవంబర్ 24, సోమవారం

దొరికింది రెండో మనిషి! కింది ఇంటి షాహీన్ ఆపా. ఇంటి ఓనరు ఆమె, బ్లౌజులు కుడుతుంది. అద్దె ఇవ్వడానికి దిగితే నా మొహం చూసి అడిగింది, నేను మెట్ల మీదే కూర్చుని భోరుమన్నా.

“అరె, ఫికర్ నక్కో కర్, రంది పడకు. నాకు నేర్పియ్యి. మిషన్ బంద్ జేసి మెట్లు ఎక్కుడే గదా.”

మధ్యాహ్నానికి బొమ్మ కుట్టి తెచ్చింది. పాత చున్నీతో ఒళ్లు, లోపల బట్టపీలికలు. రొమ్ములో ఏం పెట్టావు ఆపా, ఇంత బాగా నొక్కుకుని మళ్లీ లేస్తోంది అంటే, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బ్లౌజుల్లో పెట్టే కప్పులు రెండు కుక్కిందట. ఎన్ని రోజులైంది నేను నవ్వి.

నేను నొక్కాలి, ఆపా ఊదాలి. మొదలుపెట్టాం. ఒక్కదాన్నే ఉంటే ఎట్లా అని ముప్పై కూడా చేశా. అక్కడ వచ్చింది తంటా. పది దాకా చేతులు గుర్రంలా పోతాయి. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు… నాలుక లాగుతుంది, నాలుకతో పాటు చేతులూ నెమ్మదిస్తాయి. మనసులో లెక్కపెడితే ఆపాకు ఎప్పుడు ఊదాలో తెలియదు. ఆపా ఉర్దూలో పెడితే నేను ఎక్కడున్నానో నాకు తెలియదు. సిస్టర్ వీడియో కాల్‌లో చూసి “స్లో అయితున్నవ్, స్లో అయితున్నవ్” అంటుంది. బొమ్మను గోడకేసి కొట్టా. పాపం, మళ్లీ తీసి దులిపా.

నవంబర్ 26, బుధవారం

మధ్యాహ్నం మళ్లీ బొమ్మ, ఆపా, నేను. తలుపు దగ్గర అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చూడనట్టే చూస్తోంది. ముప్పై లెక్కలో నేను ఇరవై మూడు దగ్గర తప్పా.

“గట్లనా లెక్కవెట్టుడు? పీనుగు ముంగట నడిచినట్టు.”

“అయితే నువ్వే పెట్టు అత్తమ్మా” అన్నా, కసిగా.

చిక్కుడుకాయల చాట పక్కన పెట్టింది. మోకాళ్ల మీద చేతులు పెట్టి కూర్చుంది. కళ్లు మూసుకుని అందుకుంది. “లాభం… రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు…” ఊగుతూ, ఒక్క తీరుగా. గొంతు ఎక్కడా జారదు. నా వేళ్లు తమంతట తాము ఆ గొంతు వెంట పోయాయి. పదిహేను అనగానే ఆగింది, రోజూ వింటోంది కదా. ఆపా ఊదింది. “లాభం…” మళ్లీ మొదలు.

చొప్పదండి దగ్గర కల్లాల్లో వాళ్ల బాపు కుంచంతో వడ్లు కొలిచేవాడట, లెక్క ఈమె పట్టేదట. మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. “మా బాపు చేతికి నా నోరు అందాలె. నేను ఆగితే ఆయన ఆగుతడు. తప్పితే ఆసామి ఊకుంటడా?”

సిస్టర్‌కు వీడియో కాల్. చూసి, “ఇగో, గిదీ స్పీడు!” అంది. ముప్పై కావాలంటే? అత్తమ్మనే చెప్పింది, లాభం నుంచి పదిహేను రెండుసార్లు అనుకో, ఇరవై ముప్పై దాకా పోవుడెందుకు అని.

రొమ్ము మీద మాత్రం చెయ్యి వేయనంది. లెక్క పెడతానంది. చాలు. ముగ్గురమయ్యాం.

నవంబర్ 28, శుక్రవారం

పాప మళ్లీ ఆపింది. ఈసారి నా చేతులు నా మాట విన్నాయి. పాదం మీద వేలితో గట్టిగా తట్టా, వీపు రుద్దా. ఒక్క క్షణం… తీసుకుంది! ఆలోపలే అత్తమ్మ పరుగెత్తుకొచ్చి మంచం పక్కన కూర్చుని “లాభం—” అనేసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు నవ్వాగలేదు. ఆమెకూ ఆగలేదు.

“తొందరపడ్డ గదనే.”

“మంచిదే అత్తమ్మా. గట్లనే తొందరపడు.”

కాళ్లు పట్టి ఎత్తలేదు. నేను చూశా, చేతులు వెనక్కి కట్టుకునే వచ్చింది.

నవంబర్ 29, శనివారం

అత్తమ్మకు ఎడమ జబ్బ నొప్పి. బామ్ రాశా. “పిల్లను ఎత్తుకుని పట్టేసింది.” ఒక్కపొద్దు మానమంటే వినదు. రమేశ్ వచ్చే శనివారం కొండగట్టు పోదామన్నాడు. నేను వద్దన్నా. ఆ జనం, ఆ దుమ్ములో పసిపిల్లనా? అత్తమ్మ నా వైపు మాట్లాడింది. అదే వింత! “అంజన్న యాడికి పోతడురా. పిల్ల ఊపిరి కుదురుకోనీ.”

డిసెంబర్ 2, మంగళవారం

పాలు తెస్తూ అత్తమ్మ మెట్ల మధ్యలో కూర్చుంది. ఆయాసమట. వయసు అంది. నేను పైనుంచి తొంగి చూసి, పాప ఒక్కతే ఉందని లోపలికి పరుగెత్తా.

డిసెంబర్ 4, గురువారం

ఆపా, నేను, అత్తమ్మ — వరుసగా రెండు నిమిషాలు ఎక్కడా తప్పలేదు. పదిహేను, ఊపిరి, ఊపిరి. పదిహేను, ఊపిరి, ఊపిరి. నిద్రలో లేపినా చేస్తా. ఈరోజు కడుపు నిండా తిన్నా.

డిసెంబర్ 6, శనివారం

చేతులు లేవడం లేదు. రేపు రాస్తా.

డిసెంబర్ 7, ఆదివారం

రాయాలి. రాయకపోతే తలలో తిరుగుతూనే ఉంటుంది.

నిన్న పొద్దున. రమేశ్ ఇంకా బస్సులోనే ఉన్నాడు. అత్తమ్మ ఒక్కపొద్దు. లేచినప్పటి నుంచి రొమ్ములో మంట అంటోంది. ఏమీ తినలేదు కదా, గ్యాస్ అన్నా. ఆమె కూడా గ్యాసే అంది. వాము నమిలింది. శనివారం శనివారం ఇదే మాట, ఇదే వాము. చెమట పట్టింది. ఈ చలిలో చెమటేమిటి అని అనుకున్నా కూడా. అనుకుని, పాప గుడ్డలు ఆరేయడానికి పోయా.

తిరిగొచ్చేసరికి పాపను ఎత్తుకుని నిలబడి ఉంది. మొహం బూడిద రంగు. ఒక్క మాట మాట్లాడలేదు. పాపను మంచం మీద పడుకోబెట్టింది, దొర్లకుండా దిండు అడ్డం పెట్టింది. ఆ తర్వాతే గోడ పట్టుకుని కిందికి జారింది.

అత్తమ్మా! అత్తమ్మా! భుజాలు పట్టి కుదిపా. లేదు. నోరు తెరుచుకుని ఒకటి రెండుసార్లు గురకలాగా వచ్చింది. ఊపిరే అనుకున్నా. కాదు, అది ఊపిరి కాదని సిస్టర్ చెప్పింది… పెద్ద బొమ్మ దగ్గర చెప్పింది. కిటికీలోంచి చూస్తున్నా గానీ చెవులు విన్నాయి.

మెట్ల వైపు తిరిగి “ఆపా!” అని కేక పెట్టా. ఫోన్ స్పీకర్‌లో పెట్టి అంబులెన్స్‌కు చేశా. పెద్దవాళ్లకు ముందు ఫోన్. మోకాళ్ల మీద కూలబడ్డా.

నా చేతులు ఏం చేశాయో తెలుసా? ఆమె పక్కల చుట్టూ పోయాయి. పాపను పట్టుకున్నట్టు. రెండు బొటనవేళ్లు రొమ్ము మధ్యలో. అంత పెద్ద మనిషిని అట్లా పట్టుకుని కూర్చున్నా! ఎంతసేపో తెలియదు. ఒక్క క్షణమే అయి ఉంటుంది. ఫోన్‌లో అంబులెన్స్ అతను “నొక్కుతున్నారా అమ్మా” అని అరిచాడు. చేతులు లాగి, ఒకదాని మీద ఒకటి వేసి, మీదికి వంగి నొక్కా. దిగలేదు. పాప రొమ్ము వెన్నలా ఉంటుంది, ఇది చెక్క. ఇంకా బలంగా. ఒళ్లంతా వేసి. అప్పుడు దిగింది.

ఏదో పటుక్కుమంది లోపల. నా అరచేతి కింద.

పక్కటెముక విరిగినా ఆపొద్దు. అదీ చెప్పింది. ఆపలేదు.

ఆపా వచ్చింది, చేతిలో కొలిచే టేపు అట్లాగే ఉంది. “యా అల్లా.” ఎదురుగా కూర్చుంది. నేను లెక్కపెడుతున్నా. రెండు, మూడు, నాలుగు… పదిహేను. పదిహేను అనగానే నా చేతులు ఆగిపోయాయి. ఆపా వంగింది. రోజూ చేసినట్టే, ఇద్దరం, ఎంత చక్కగా!

“ఇప్పుడే గాదు ఆపా! పెద్దమనిషి — ముప్పై, ముప్పై!”

మళ్లీ నొక్కా. లెక్క పోయింది. ఎక్కడున్నానో తెలియదు. ఇరవై దాటాక నాలుక లాగుతోంది. లెక్క పెట్టే మనిషి కింద పడుకుని ఉంది. అప్పుడు వచ్చింది నా నోటికి — లాభం. లాభం, రెండు, మూడు. పదిహేను. ఆగకుండా మళ్లీ లాభం, రెండు, మూడు. పదిహేను. “ఇప్పుడు ఆపా!”

ఆపా పాపకు ఊదినట్టే నోరు, ముక్కు కలిపి మూయబోయింది. అందదు కదా. “ముక్కు మూయి ఆపా, ముక్కు మూసి నోట్ల ఊదు. తల ఎన్కకు!” కట్టుడు పళ్లు జారి అడ్డం వచ్చాయి, ఆపా వేళ్లతో తీసి పక్కన పెట్టింది. ఊదింది. రొమ్ము లేచింది. ఇంకొకటి. లేచింది.

మంచం మీద పాప గుక్క పట్టి ఏడుస్తోంది. ఏడవనీ. ఏడుస్తోందంటే ఊపిరి ఉంది. ఆ ఏడుపు నాకు ఎంత బలమో, ఎవరికి చెప్పను.

చేతులు పోయాయి. “మార్చుకుందాం.” ఆపా పెద్ద బొమ్మ ఎన్నడూ చూడలేదు. నేను ఆమె చేతులు పట్టి చోటు చూపించా. నొక్కింది, మిషన్ తొక్కిన కాళ్లలో ఉన్న బలం చేతుల్లోనూ ఉంది. నేను అత్తమ్మ నోట్లో ఊదా. వాము వాసన.

మళ్లీ మార్చుకున్నాం. మళ్లీ. అంబులెన్స్ వాళ్లు వచ్చి రొమ్ము మీద రెండు అట్టల్లాంటివి అంటించి, జరగమన్నారు. కరెంటు కొట్టినట్టు ఒళ్లు ఎగిరింది. మళ్లీ నొక్కారు. ఒకతను మెడ మీద వేళ్లు పెట్టి, “ఉంది” అన్నాడు.

ఉంది. ఆ మాట తర్వాత నాకు సరిగ్గా గుర్తు లేదు. మెట్లు దింపుతుంటే ఆమె చెయ్యి బయటికి వేలాడుతోంది, ఆపా లోపలికి మడిచింది. నేను పోలేదు. పాపను వదిలి ఎట్లా పోను? ఆపా అంబులెన్స్ ఎక్కింది. నేను గచ్చు మీద కూర్చుని, పళ్లు కడిగి గిన్నెలో వేశా.

డిసెంబర్ 8, సోమవారం

గుండె నరం మూసుకుపోయిందట, తెరిచారట. నోట్లో గొట్టం, మిషన్ ఊపిరి. రమేశ్ ఆసుపత్రిలోనే. “కండ్లు తెరుస్తలేదు” అన్నాడు ఫోన్‌లో. పక్కటెముకలు మూడు విరిగాయట. డాక్టర్ తిట్టలేదట, అట్లా విరగడం మామూలేనట.

నాకు మామూలు కాదు. ఆ చప్పుడు ఇంకా అరచేతిలో ఉంది.

ఇంకొకటి కూడా రాస్తా. జబ్బ నొప్పి, మెట్ల మీద ఆయాసం, చెమట. అన్నీ నా కళ్ల ముందే. అందరం పాప రొమ్ము చూసుకుంటూ కూర్చున్నాం, ఆమె రొమ్ము ఎవరూ చూడలేదు. ఆమె కూడా చూసుకోలేదు.

డిసెంబర్ 9, మంగళవారం

పాప, నేను. ఆపా ఆసుపత్రికి అన్నం తీసుకుపోయింది. ఇంట్లో ఒక్కదాన్ని. ఒక్కదాన్నే ఉంటే ముప్పైకి రెండు. బొమ్మను తీసుకుని చేశా. నొక్కింది నేనే, ఊదింది నేనే, లెక్క నేనే. ఇల్లు ఇంత పెద్దదని ఎప్పుడూ అనిపించలేదు.

డిసెంబర్ 10, బుధవారం

ఆయి బస్సెక్కుతానంది. వద్దన్నా. తర్వాత నేనే ఫోన్ చేసి రమ్మన్నా. బాపు సంగతి ఆయి చెల్లెలు, మా మావుశి, చూసుకుంటుందట. ఆయి ఐతారం వస్తుంది.

డిసెంబర్ 11, గురువారం

రమేశ్ స్నానానికి వచ్చాడు. గడ్డం, ఎర్ర కళ్లు. అన్నం పెడితే తినలేదు. బొమ్మను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“నేర్పు” అన్నాడు.

చూపించా. ఈసారి బొటనవేళ్లు తీయలేదు. ఆపా కింది ఇంట్లో గోనెసంచి ఒకటి కుట్టి, ఊక నింపి పెట్టింది. పెద్ద బొమ్మ కావాలి కదా ఇంట్లో అని తనంతట తానే. దాన్నీ తెచ్చి పక్కన వేశా. ఇక్కడ రెండు వేళ్లు, అక్కడ ఒళ్లంతా. ఇక్కడ ఇద్దరుంటే పదిహేను, అక్కడ ఎందరున్నా ముప్పై.

“ఒకటి, రెండు—”

“ఒకటి గాదు. లాభం అను.”

నా మొహం చూశాడు. అనబోయాడు. గోనెసంచి మీద తల పెట్టి ఏడ్చాడు. నేను ఆపలేదు. ఏడ్చి లేచి, మొహం కడుక్కుని, మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఈసారి అన్నాడు. పదిహేను దాకా ఎక్కడా ఆగలేదు. వాళ్లవ్వ గొంతే.

డిసెంబర్ 12, శుక్రవారం

పాప మధ్యాహ్నం ఒకసారి ఆపింది. పాదం తట్టా, తీసుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి పక్కన ఎవరున్నారు?

డిసెంబర్ 13, శనివారం

పొద్దున గొంతులో గొట్టం తీశారు. తన ఊపిరి తనే తీసుకుంటోందట! కళ్లు తెరిచిందట. కానీ రమేశ్‌ను చూసి చూడనట్టే ఉందట. మాట లేదు. గుండె ఆగినప్పుడు తలకు నెత్తురు అందని కాసేపు ఉంటుంది కదా, ఆగి చూడాలి అన్నాడట డాక్టర్. ఏం చూడాలి, ఎంతసేపు చూడాలి, అది మాత్రం చెప్పడు.

ఈరోజు శనివారం. నేను ఒక్కపొద్దు ఉన్నా. నాకు అలవాటు లేదు, తల తిరుగుతోంది, అయినా ఉన్నా.

ఇందాక రమేశ్ ఫోన్. “అవ్వ చెవి కాడ వెడ్త, ఏమన్న మాట్లాడు. నీ గొంతు ఇంటే గుర్తువడ్తదేమో.”

ఏం మాట్లాడను? గ్యాస్ అన్నందుకు తప్పయిందననా? ఎముకలు విరగ్గొట్టా అననా? పాప ఒళ్లో ఉంది. దాని రొమ్ము లేస్తోంది, పడుతోంది. నా అరచెయ్యి దాని వీపు కింద ఉంది.

“అత్తమ్మా, పాప మంచిగుంది” అన్నా. అటు మిషన్ చప్పుడు.

అప్పుడు మొదలుపెట్టా. నెమ్మదిగా కాదు, ఆమె పట్టిన తీరులోనే. “లాభం, రెండు, మూడు…”

ఆగా. నేను ఆగితే ఆమె ఊరుకోదు కదా. నాలుగు ఆమె అనాలి.

రమేశ్ ఊపిరి వినిపిస్తోంది. ఎవరిదో అడుగుల చప్పుడు. తర్వాత ఏదో… గొంతు సవరించుకున్నట్టు. ఆమెదా? పక్క మంచం వాళ్లదా?

“అందా? ఏమన్న అందా?” అని అడిగా. ఫోన్ ఇంకా ఆమె చెవి దగ్గరే ఉంది.

మళ్లీ లాభం నుంచి అందుకున్నా.